మనుషుల్లేని వార్డులు

అమెరికన్ ఫోటోగ్రాఫర్ క్రిస్టఫర్ పేన్ తీసిన ‘అసైలం’ అనే ఫోటోల పుస్తకం 2009లో వెలువడింది. 2002 నుంచి 2008 దాకా ముప్పై రాష్ట్రాలు తిరిగి, డెబ్బై దాకా ప్రభుత్వ మానసిక చికిత్సాలయాల్లోకి వెళ్లి తీసిన ఫోటోలు అవి. అందులో చాలా భవనాలు అప్పటికే మూతపడి పాడుబడ్డవి. పెచ్చులూడిన రంగులు, కొసకు వెలుతురు పడుతున్న పొడవాటి వసారాలు, కుర్చీలు మాత్రమే మిగిలిన నాటకశాలలు, ఒక చెక్క బీరువాలో వరసగా వేలాడుతున్న రోగుల టూత్‌బ్రష్‌లు. ఎక్కడా మనిషి లేడు.

అమెరికాలో పాడుబడ్డ ఆసుపత్రుల గురించి తెలుగు పత్రికలో రాయవలసిన అవసరమేమిటని పాఠకులు అడగవచ్చు. ఇట్లాంటి ఫోటోలు ఇప్పుడొక ప్రత్యేక శాఖగా స్థిరపడినాయి. పేన్ తర్వాత, పేన్ కన్నా తక్కువ శ్రద్ధతో, వందలమంది ఆ కిటికీలు దూకి లోపలికి వెళ్లినారు. ఆ ఫోటోలు ఇక్కడికీ వచ్చాయి. మన యువకవులు కొందరు వాటిని చూసి కవితలు రాస్తున్నారు. అభిప్రాయం కోసం నాదగ్గరకు వచ్చిన మూడు నాలుగు కవితల్లో శిథిల సౌందర్యం ఉంది, నిశ్శబ్దం ఉంది, కాలం ఉంది. మనిషి మాత్రం లేడు. ఫోటోలో లేడు కాబట్టి కవితలోనూ లేడు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ముందు పేన్‌కు న్యాయం చెయ్యాలి. ఆయన వాస్తుశిల్పం చదువుకున్నవాడు. భవనాన్ని అందమైన శవంగా చూడడు, పనిచేసిన యంత్రంగా చూస్తాడు. వార్డులతో ఆగక విద్యుత్ కేంద్రం, బట్టలుతికే శాల, కుట్టుపని గది, శ్మశానం అన్నీ చూపిస్తాడు. ఆ ఆసుపత్రులు పాలకోసం పశువుల్ని పెంచుకున్నవి, కూరగాయలు పండించుకున్నవి, బట్టలు కుట్టుకున్నవి. ఒక ఊరు ఊరంతా గోడ లోపల ఉండేది. ఆ పుస్తకానికి ముందుమాట రాసిన ఆలివర్ శాక్స్ తానే 1966 నుంచి న్యూయార్క్ నగరంలోని ఒక ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో వైద్యుడిగా పనిచేసినవాడు. ‘అసైలం’ అన్న మాటకు అసలు అర్థం ఆశ్రయం అనీ, ఆ సంస్థల దుర్మార్గాన్ని తలుచుకునే తొందరలో వాటిలో ఉన్న మంచిని మరిచిపోయామనీ ఆయన వాదన. పనిచేసే హక్కు, పిచ్చిగా ఉండగలిగే స్వేచ్ఛ, పక్కన మరొక మనిషి ఉండటం కొందరికైనా అక్కడ దొరికాయని ఆయన అంటాడు.

ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. కానీ శాక్స్ పని అన్నచోట మనం కొంచెం ఆగాలి. పొలంలో, వంటశాలలో, బట్టల శాలలో రోగులు చేసిన పనికి కూలి లేదు. చికిత్స పేరుతో చేయించుకున్న ఆ చాకిరీ మీదే ఆ ఆసుపత్రులు అంత చవకగా నడిచాయి. 1973లో సౌడర్, బ్రెన్నన్ కేసులో అమెరికన్ కోర్టు రోగి-శ్రామికులకు కూడా కనీస వేతన చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. ప్రభుత్వాలు ఏం చేశాయి? కూలి ఇవ్వడానికి బదులు పనే ఎత్తేశాయి. పొలాలు అమ్మేశారు, కుట్టుమిషన్లు మూలన పడేశారు, రోగులను టెలివిజను ముందు కూర్చోబెట్టారు. శాక్స్ ఆ ఖాళీ కూర్చోవడాన్ని చూసి బాధపడినాడు, అది నిజమైన బాధే. అయితే తప్పు కోర్టు తీర్పుది అన్నట్టు ధ్వనిస్తుంది ఆయన వాదన. తప్పు, కూలి ఇవ్వవలసి రాగానే ఆ పనికి చికిత్సాగుణం పోయిందని కనిపెట్టినవాళ్లది. పేన్ తీసిన ఖాళీ కుట్టుగది ఫోటోలో ఈ చరిత్ర ఉంది, కానీ తెలిసినవాడికే కనిపిస్తుంది. తెలియనివాడికి ఆ గది గతించిన కాలం మాత్రమే.

నాకిది పుస్తకాల ద్వారా తెలిసిన విషయం మాత్రమే కాదు. మా మేనత్త ఒక ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో తొమ్మిదేళ్లు ఉంది. అప్పట్లో 1912 నాటి చట్టం, మేజిస్ట్రేటు ఉత్తర్వు మీద లోపలికి పంపేవాళ్లు. మందులకన్నా ముందు కోర్టు. ఆ చట్టం పేరులోనే ‘లూనసీ’ ఉంది, 1987 దాకా పుస్తకాల్లో, ఆ తర్వాత కొన్నేళ్లు ఆచరణలో. వేసవి సెలవుల్లో నాన్నతో కలిసి రెండుసార్లు వెళ్లినాను. ఆవిడ వంటశాల అరుగు మీద మరో పదిమంది ఆడవాళ్లతో కూచుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి, “ఏం అల్లుడూ, మీ నాన్న కోతలకు మనుషుల్ని కుదిర్చాడా లేదా?” అంది. చేటలోంచి తలెత్తకుండానే నాన్నతో ఎకరానికి ఎన్ని బస్తాలయ్యాయో లెక్క కట్టింది. ఆ లెక్కలో తప్పు లేదు. బియ్యం ఏరినందుకు రోజుకెంత ఇస్తారని నాన్న అక్కడి గుమాస్తాను అడిగితే అతను నవ్వినాడు. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. శాక్స్ వ్యాసం చదువుతున్నంతసేపూ అది నా చెవిలో ఉంది.

ఆవిడ ఫోటో మా ఇంట్లో ఒకటే ఉండేది. 1958లో మా పెద్దనాన్న పెళ్లినాటి గ్రూపు ఫోటో. ఆవిడ ఎడమవైపు చివర నిలబడి ఉండేది. ఆడపిల్లల సంబంధాలు వచ్చే రోజుల్లో ఆ మూల మీదుగా ఒక క్యాలెండరు వేలాడదీసేవాళ్లు. పెళ్లిచూపులవాళ్లు వెళ్లగానే తీసేవాళ్లు. ఎవరూ దుర్మార్గులు కారు, ఆవిడ పేరు చెప్పుకుని ఏడ్చిన మా నాయనమ్మే ఆ మేకు కొట్టింది. ఫోటోలో మనిషి లేకపోవడమంటే కెమెరా ముందు మనిషి లేకపోవడమే కానక్కరలేదని నేను అక్కడ నేర్చుకున్నాను.

ఇప్పుడు ఫోటోల సంగతికి వద్దాం. ఆరెగాన్ రాష్ట్రంలోని సేలం పట్టణంలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ‘వన్ ఫ్లూ ఓవర్ ది కకూస్ నెస్ట్’ సినిమా 1975లో అక్కడే తీసినారు. అక్కడ చనిపోయి, ఎవరూ వచ్చి తీసుకువెళ్లని రోగుల బూడిదను రాగి డబ్బాల్లో పోసి, మూత మూసి, నంబరు కొట్టి నిలవ ఉంచారు. అట్లాంటివి సుమారు 3,500. కొంతకాలం అవి నేలమాళిగలో ఉన్నప్పుడు నీళ్లు చేరి రాగి చిలుము పట్టింది. నీలం, ఆకుపచ్చ, తెలుపు పొరలు డబ్బాల మీద పూలలాగా, పటాల్లోని సముద్రాల్లాగా విచ్చుకున్నాయి. డేవిడ్ మైజెల్ అనే ఫోటోగ్రాఫర్ వాటిని ఒక్కొక్కటిగా నల్లని నేపథ్యం మీద పెట్టి తీసి ‘లైబ్రరీ ఆఫ్ డస్ట్’ అని 2008లో పుస్తకం వేసినాడు. చూడటానికి అద్భుతంగా ఉంటాయి. అబద్ధం చెప్పను, నేను కూడా చాలాసేపు చూశాను.

అయితే ఆ చిలుము ఎట్లా వచ్చింది? రాగికీ, తడికీ, లోపలి బూడిదకూ జరిగిన చర్యవల్ల. ఆ తడి ఎట్లా వచ్చింది? చచ్చిపోయినవాళ్లను ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల. అంటే మనం అందమని చూస్తున్నది నిర్లక్ష్యపు రంగు. రెండు డబ్బాల మీద ఒకే రంగు లేదు కాబట్టి ప్రతి మనిషికీ తన విశిష్టత తిరిగి దక్కినట్టుందని కొందరు మెచ్చుకుంటారు. ఇదొక మాయ. మనిషి విశిష్టత అతని బతుకులో ఉంటుంది, చిలుములో కాదు. ఆ డబ్బా మీద పేరు లేదు, నంబరు ఉంది. ఫోటో ఆ నంబరును చెరపలేదు, అలంకరించింది.

అదే డబ్బాల గురించి మరో రకం రచన కూడా జరిగింది. 2004లో ఆ రాష్ట్ర శాసనసభ్యులు కొందరు ఆసుపత్రి చూడబోయి ఆ గదిలోకి వెళ్లినారు. ఆ తర్వాత ‘ది ఆరెగోనియన్’ పత్రిక ఆసుపత్రి దుస్థితి మీద వరసగా సంపాదకీయాలు రాసింది. వాటికి 2006లో పులిట్జర్ బహుమతి వచ్చింది. బహుమతి సంగతి పక్కన పెడితే, ఆ రాతల ఒత్తిడి వల్ల కొత్త ఆసుపత్రికి డబ్బు మంజూరు కావడానికి దారి పడింది. డబ్బాల్లో ఉన్నవాళ్ల పేర్లు తర్వాత బయటపెట్టారు. కొన్ని కుటుంబాలు వచ్చి తమవాళ్ల బూడిద తీసుకుపోయాయి. 2014లో అక్కడ పేర్లతో స్మారకం కట్టారు. సంపాదకీయం కళ కాదని ముఖం చిట్లించే మిత్రులు మనలోనూ ఉన్నారు. సరే, కళ కాదు. కానీ ఆ రెండిటిలో చనిపోయినవాళ్లకు పేరు తెచ్చిపెట్టింది ఏది?

ఈ చర్చ కొత్తది కాదు. వాల్టర్ బెన్యామిన్ 1934లో రచయితను ఉత్పత్తిదారుగా చూస్తూ రాసిన వ్యాసంలో ఆనాటి జర్మన్ ‘నవ్య వస్తువాద’ ఫోటోగ్రఫీ మీద విరుచుకుపడినాడు. ఆ కెమెరాకు మురికివాడను చూపినా, చెత్తకుప్పను చూపినా అందంగానే వస్తుందని, దరిద్రాన్ని కూడా ఆస్వాదించే సరుకుగా మార్చేస్తుందని అతని అభియోగం. ఆల్బర్ట్ రెంగర్-పాట్ష్ 1928లో వేసిన ఫోటోల పుస్తకం పేరే ‘లోకం అందంగా ఉంది’ అని. ఆ పేరు చాలు, వ్యాసం అక్కర్లేదు. తొంభై ఏళ్ల తర్వాత ఆ పుస్తకానికి అనుబంధంగా పిచ్చాసుపత్రులు కూడా చేరాయి. (పిచ్చాసుపత్రి అన్న మాట వాడినందుకు అభ్యంతరం చెప్పేవాళ్లుంటారు. మానసిక చికిత్సాలయం అని నేనూ రాస్తున్నాను. కానీ ఎర్రగడ్డ, చినవాల్తేరు అన్న ఊళ్ల పేర్లే తిట్లుగా మారిపోయిన భాష మనది. పేరు మారిస్తే తిట్టు పోదు.)

ఖాళీ భవనం ఫోటో చెప్పని ముఖ్య విషయం, అది ఎందుకు ఖాళీ అయిందన్నది. చూసేవాడు సహజంగా రెండింటిలో ఒకటి అనుకుంటాడు. ఒకటి, చీకటియుగం ముగిసింది, గోడలు కూలాయి, మంచిదే. రెండు, పాపం ఎంత గొప్ప కట్టడాలు, నాశనమైపోతున్నాయి. రెండూ సగం నిజాలు.

థామస్ కర్క్‌బ్రైడ్ అనే వైద్యుడు 1854లో ఆసుపత్రి నిర్మాణం మీద పుస్తకం రాసినాడు. మధ్యలో పాలనాభవనం, దానికి రెండువైపులా రెక్కల్లాగా వెనక్కి జరుగుతూపోయే వార్డులు, ప్రతి గదికీ గాలీ వెలుతురూ, చుట్టూ తోట. మనిషిని మంచి చోట ఉంచితే మనసు కుదుటపడుతుందన్న నమ్మకం ఆ ఇటుకల్లో ఉంది. ఒక ఆసుపత్రిలో 250 మందికి మించి ఉండరాదని కూడా ఆయన షరతు. ఆ షరతును ఎవరు పాటించారు? 1878లో మసాచుసెట్స్‌లో తెరిచిన డాన్వర్స్ ఆసుపత్రిలో 1930ల చివరికి రెండు వేలమంది దాటినారు. న్యూయార్క్ రాష్ట్రంలోని పిల్‌గ్రిం ఆసుపత్రిలో 1950లలో దాదాపు 14 వేలమంది. 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక చికిత్సాలయాల్లో 5,58,000 మంది ఉన్నారు. వాళ్లంతా మానసిక రోగులేనా? ముసలివాళ్లు, సిఫిలిస్ ముదిరినవాళ్లు, మూర్ఛరోగులు, భాష తెలియని వలసకూలీలు, మొగుడికి అక్కర్లేని ఆడవాళ్లు కూడా ఉన్నారు. చికిత్సకోసం కట్టిన భవనం పేదరికానికి గోడౌన్ అయింది. ఇక్కడ ఫూకో పేరు ఎత్తడం ఆచారం. నేను ఎత్తను, ఎత్తి వదిలేయడం మనకు అలవాటైపోయింది కాబట్టి.

ఆ లక్షలమంది బయటికి ఎట్లా వచ్చారు? 1954లో క్లోర్‌ప్రొమజీన్ మందు వచ్చింది. 1963లో కెనెడీ సామాజిక మానసిక ఆరోగ్య కేంద్రాల చట్టం మీద సంతకం చేసినాడు. ఆసుపత్రి బదులు ఊళ్లోనే కేంద్రం, అక్కడే వైద్యం అన్నది ఆలోచన. మంచి ఆలోచన. 1965లో వచ్చిన మెడికెయిడ్ పథకం పెద్ద మానసిక చికిత్సాలయాల్లో ఉన్న నడివయసు రోగులకు డబ్బు చెల్లించదు. దాంతో వాళ్లను బయటికి పంపితే రాష్ట్రాలకు ఖర్చు మిగులుతుంది. ఆసుపత్రులు చకచకా ఖాళీ అయ్యాయి, కేంద్రాలు మాత్రం అనుకున్నన్ని కట్టలేదు. 1980లో కార్టర్ తెచ్చిన మానసిక ఆరోగ్య చట్టాన్ని 1981లో రీగన్ ప్రభుత్వం బడ్జెట్ చట్టంతో చాలావరకు రద్దుచేసింది. 2016 నాటికి అమెరికా ప్రభుత్వ మానసిక చికిత్సాలయాల్లో మిగిలిన పడకలు 38 వేల లోపు. మిగతావాళ్లు ఫుట్‌పాత్‌ల మీద, చవక హోటళ్లలో, అన్నిటికన్నా ఎక్కువగా జైళ్లలో. లాస్ ఏంజెల్స్, షికాగో నగరాల కౌంటీ జైళ్లనే దేశంలోకెల్లా పెద్ద మానసిక చికిత్సాలయాలని అక్కడి పత్రికలే రాస్తున్నాయి. అక్కడ పెచ్చులూడిన రంగుల అందం లేదు, కెమెరాకు ప్రవేశమూ లేదు. గోడలు కూలలేదు, వేరేచోటికి జరిగాయి. ఖాళీ వార్డు ఫోటో ఈ జరగడాన్ని ముగింపుగా చూపిస్తుంది. నా ఫిర్యాదు అంతా ఇదే.

ఇందుకు పూర్తిగా ఎదురుగా నిలబడే పుస్తకం ఒకటుంది. 1969లో ఇటలీలో వచ్చిన ‘మోరిరే ది క్లాస్సే’, అంటే వర్గం వల్ల చావడం. ఫోటోలు కార్లా చెరాతి, జానీ బెరెంగో గార్దీన్‌లవి. కూర్చినవాళ్లు వైద్యుడు ఫ్రాంకో బసాల్యా, ఆయన సహచరి ఫ్రాంకా ఒంగారో. ఆ ఫోటోల్లో గోడల అందం లేదు. గుండు కొట్టిన తలలు, కట్టేసిన చేతులు, చువ్వల వెనక ముఖాలు, రెండు చేతుల్తో తలపట్టుకుని గోడవారన కూచున్న మనిషి. సంపన్నుడి పిచ్చికి శానిటోరియం, పేదవాడి పిచ్చికి ఈ చువ్వలు అన్నది పుస్తకం పేరులోనే ఉంది. అది ఆర్టు గ్యాలరీ కోసం వేసిన పుస్తకం కాదు, ఆసుపత్రులు మూయించడం కోసం వేసింది. 1971లో ట్రియెస్తె ఆసుపత్రికి డైరెక్టరుగా వెళ్లిన బసాల్యా 1972లోనే అక్కడి రోగి-శ్రామికులతో సహకార సంఘం పెట్టించి వాళ్ల పనికి కూలి ఇప్పించినాడు. అమెరికాలో కూలి అడిగితే పనే పోయింది, ఇక్కడ పని నిలిచింది, కూలీ వచ్చింది. 1973లో రోగులూ, కళాకారులూ కలిసి కర్రతో, కాగితపుగుజ్జుతో చేసిన నీలిరంగు గుర్రం ‘మార్కో కవాల్లో’ను ఊరేగింపుగా వీధుల్లోకి తెచ్చారు. గుర్రం గేటులో పట్టక అడ్డు పగలగొట్టి మరీ బయటికి తోసినారు. 1978 మే 13న ఇటలీ పార్లమెంటు 180వ చట్టం చేసింది, కొత్త పిచ్చాసుపత్రులు కట్టకూడదని, ఉన్నవి క్రమంగా మూసెయ్యాలని. మూయడానికి మరో ఇరవయ్యేళ్లు పట్టింది, అన్ని ప్రాంతాల్లో బయటి సేవలు ఒకేలా రాలేదు. ఆ లోపాలు చెప్పుకోవాలి. అయినా ట్రియెస్తె ఆవరణ ఈ రోజు శిథిలం కాదు. విశ్వవిద్యాలయ విభాగాలు, సహకార సంఘాలు, గులాబీ తోట ఉన్నాయి. ఫోటోగ్రాఫర్లు దూకవలసిన కిటికీ లేదు.

(అదే ఇటలీలో వెనిస్ పక్కన సాన్ క్లెమెంతె ద్వీపంలోని పిచ్చాసుపత్రి ఇప్పుడు ఖరీదైన హోటల్. అమెరికాలో బఫలో ఆసుపత్రిలో కొంత భాగాన్ని 2017లో హోటల్‌గా మార్చారు. పెట్టుబడికి ఏ గోడా అక్కరకురానిది కాదు.)

అయితే శిథిలాల ఫోటో తియ్యడమే తప్పని నేను అనడం లేదు. న్యూజెర్సీలోని గ్రేస్టోన్ పార్క్ ఆసుపత్రి శిథిలాల్లోకి వెళ్లి ఫిలిప్ బ్యూలర్ తీసిన ఫోటోలు 2013లో ‘వుడీ గత్రీస్ వార్డీ ఫార్టీ’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. శ్రామికుల పాటగాడు వుడీ గత్రీ 1956 నుంచి 1961 దాకా అక్కడ 40వ వార్డులో ఉన్నాడు. అతనిది వంశపారంపర్యంగా వచ్చే హంటింగ్టన్ వ్యాధి. పిల్లల్ని లోపలికి రానివ్వరు కాబట్టి ఆవరణలో ఒక చెట్టుకింద కలుసుకునేవాళ్లు. వేల పాటలు రాశానని అతను చెబితే డాక్టర్లు అదీ రోగలక్షణమే అనుకున్నారని చెబుతారు. బ్యూలర్ ఫోటోల్లోనూ పెచ్చులూడిన గోడలే. కానీ పక్కనే గత్రీ ఉత్తరాలున్నాయి, కుటుంబం చెప్పిన మాటలున్నాయి. అక్కడ గోడ ఎవరో ఒకరి గోడ. ఆ భవనాన్ని 2015లో కూల్చేశారు.

గత్రీ పేరున్నవాడు కాబట్టి అది సాధ్యమైందని అనవచ్చు. పేరులేనివాళ్ల సంగతి? న్యూయార్క్ రాష్ట్రంలో 1869లో తెరిచిన విల్లార్డ్ ఆసుపత్రిని 1995లో మూస్తున్నప్పుడు అటక మీద నాలుగు వందలకు పైగా పెట్టెలు దొరికాయి. రోగులు వస్తూ తెచ్చుకున్నవి, తిరిగి తీసుకుపోనివి. డార్బీ పెన్నీ, పీటర్ స్టాస్ట్నీ అన్న ఇద్దరు ఏళ్ల తరబడి ఆ పెట్టెలనూ, ఆసుపత్రి దస్తావేజులనూ పక్కపక్కన పెట్టి చదివి, కొందరి జీవితాలను తిరిగి రాసినారు. 2004లో ప్రదర్శన, 2008లో పుస్తకం. తర్వాత జాన్ క్రిస్పిన్ ఆ పెట్టెలను తెరిచి ఫోటోలు తీసినాడు. చూస్తుంటే మా మేనత్త రేకుపెట్టె గుర్తొచ్చింది. ఆవిడ పోయాక ఆసుపత్రి నుంచి వచ్చినదాంట్లో రెండు నేతచీరలు, ఒక దువ్వెన, మా నాన్న రాసిన పోస్టుకార్డులు ఉన్నాయి. ఇంటికి తెచ్చిన రోజే చీరలు చాకలికి ఇచ్చేశారు, కార్డులు పొయ్యిలో పెట్టారు. అమెరికాలో అధికారులు రోగుల గోప్యత పేరుతో ఆ పెట్టెల యజమానుల పూర్తి పేర్లు వాడనివ్వలేదు. బతికుండగా మేజిస్ట్రేటుకూ, గుమాస్తాకూ, వార్డరుకూ తెలిసిన పేరు చచ్చాక రహస్యమైంది. విల్లార్డ్ శ్మశానంలో ఐదువేలకు పైగా సమాధులు, వాటిమీద నంబర్లే. ఆ గోతులు ఎన్నో ఏళ్లపాటు తవ్వింది కూడా ఒక రోగే. అతన్నీ అక్కడే పాతిపెట్టారు.

మన దగ్గరకొస్తే, మనకు పాడుబడ్డ పిచ్చాసుపత్రుల ఫోటోలు తీసుకునే అవకాశం పెద్దగా లేదు. 1946లో భోర్ కమిటీ లెక్కించినప్పుడు నలభై కోట్లమందికి పదివేల పడకలు. మనం కట్టిందే తక్కువ, మూసినవి ఇంకా తక్కువ. 1999లో జాతీయ మానవ హక్కుల సంఘం దేశంలోని 37 ఆసుపత్రుల మీద ఇచ్చిన నివేదిక చదివితే చాలాచోట్ల జైలు నిర్మాణమే కనిపిస్తుంది. ఆసుపత్రికి పోలేనివాళ్లకు దర్గాలు, గుళ్లు, గొలుసులు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక పాకకు నిప్పంటుకుని 28 మంది చనిపోయినారు, గొలుసులతో కట్టేసి ఉన్నారు కాబట్టి పరుగెత్తలేకపోయినారు. గొలుసు వెయ్యకూడదని చట్టంలో స్పష్టంగా రాయడానికి 2017 దాకా ఆగవలసి వచ్చింది. అట్లాంటి దేశంలో కవి అమెరికన్ శిథిలాన్ని చూసి నిశ్శబ్దం మీద కవిత రాస్తే, అతనికి వినపడనిది చాలా ఉందని అనుకోక తప్పదు.

మన కథలూ సినిమాలూ ఈ చోటును వాడుకున్న తీరు మరో వ్యాసానికి సరిపోతుంది. ఆస్తికోసం కథానాయికను లోపల వేయించే విలన్, చివరి రీలులో కరెంటు షాకు, అంతే. ఉపఖండంలో ఈ చోటును నిజంగా అర్థం చేసుకున్న కథ మంటో ‘టోబా టేక్ సింగ్’. విభజన తర్వాత పిచ్చివాళ్లను కూడా హిందువులు, సిక్కులు, ముస్లిములుగా పంచుకున్న రెండు ప్రభుత్వాల కథ అది. అందులో ఆసుపత్రి వర్ణన దాదాపు లేదు. గోడ రంగు ఏమిటో మనకు తెలియదు. బిషన్ సింగ్ అడిగే ప్రశ్న మాత్రం తెలుసు, తన ఊరు ఎటుందని. ముందు చెప్పిన యువకవులు ఒక ఖాళీ వార్డు ఫోటో, ఆ కథ పక్కపక్కన పెట్టుకుని చూడాలని కోరుతున్నాను.

డాన్వర్స్ ఆసుపత్రి 1992లో మూతపడింది. 2006లో చాలాభాగం కూల్చి, మధ్యభవనం ముందుగోడ ఉంచి, అపార్ట్‌మెంట్లు కట్టారు. కూల్చకముందు అది శిథిలాల ఫోటోగ్రాఫర్లకు తీర్థం లాంటిది. ఆ గుట్ట కింద పొదల్లో నంబర్లు మాత్రమే ఉన్న సమాధిరాళ్లు ఉండేవి. 1990ల చివర్లో, ఒకప్పుడు అక్కడ రోగులుగా ఉన్నవాళ్లే సంఘంగా కూడి, ఆ పొదలు కొట్టి, రాళ్లు కడిగి, పాత మరణ రిజిస్టర్లు తిరగేసి ఒక్కొక్క నంబరుకూ పేరు వెతకడం మొదలుపెట్టారు. దొరికిన పేర్లు రాతి మీద చెక్కించారు. ఆ రోజుల్లో పైన గుట్టమీద కిటికీలు దూకుతున్నవాళ్లలో ఎందరు కిందికి దిగి ఆ పని చూశారో నాకు తెలియదు.